ఆయ్ అన్న పాపానికి

ఊరికి ఒకటో రెండో ఫోన్లు ఉండే ఆ రోజుల్లో దానికి దక్కిన గౌరవం ఇప్పటివాళ్లకు చెప్పినా నమ్మరు. మా అమ్మమ్మగారింట్లో అది హాల్లో ఒక స్టూలు మీద, అత్తయ్య అల్లిన లేసు గుడ్డ కప్పుకుని పెళ్లికూతురిలా కూర్చుని ఉండేది. అది మోగితే వీధిలో పోయేవాళ్లు కూడా కాస్త ఆగి లోపలికి తొంగి చూసేవారు. మా మావయ్యయితే లేచి నిలబడి, దండెం మీది కండువా తీసి భుజాన వేసుకుని, గొంతు సవరించుకుని, అప్పుడు రిసీవరు ఎత్తేవారు. "అవతలివాళ్లకి కనబడదు కదా మావయ్యా, కండువా దేనికండీ?" అని నేను నవ్వితే, "వాళ్లకి కనబడకపోతే ఏంటే, నాకు కనబడుతోంది కదా" అనేవారు. ఇది తొంభైల చివర్లో మాట. నేను నరసాపురంలో డిగ్రీ ముగించి, ఉద్యోగం దొరికేదాకా అన్న వంకతో అమ్మమ్మగారింట్లో మకాం వేసి, మావయ్యకు కార్యదర్శిగా నన్ను నేనే నియమించుకున్నాను. (జీతం లేదు కానీ రోజూ పెసరట్టు ఉండేది.)

మా ఊరు వశిష్ఠ గోదావరికి ఇవతలి ఒడ్డున, నరసాపురానికి ఎదురుగా ఉంటుంది. పంటు మీద ఏరు దాటి, కొబ్బరి తోటల్లోంచి కాస్త లోపలికి నడవాలి. (పంటు అంటే మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ కోళ్ల బుట్టల్నీ కలిపి అవతలి ఒడ్డుకు చేర్చే బల్లపరుపు పడవ. ఎక్కినవాళ్లు దిగేలోపు చుట్టాలైపోతారు.) చుట్టుపక్కల ప్రతి ఊరికీ చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంది. ఒక ఊళ్లో పాత గుడి, ఒక ఊళ్లో అష్టావధానం చేసిన కవిగారు. పక్క ఊళ్లోనైతే ఎవరో డచ్చివాడు గుర్రం దిగి మంచినీళ్లు తాగాడట. వాడు తాగిన బావి కూడా చూపిస్తారు. మా ఊళ్లో డచ్చివాడు ఆగలేదు, కవి పుట్టలేదు, రాజు దండెత్తలేదు. కొబ్బరికాయలు మాత్రం బ్రహ్మాండంగా కాస్తాయి.

దీనికి ఊళ్లో ఎవరికీ బెంగ లేదు, ఒక్క మావయ్యకు తప్ప. ఆయన హైస్కూల్లో తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఊరంతా ఛందస్సు మాస్టారనేవారు. ఎప్పుడో క్లాసులో గోదావరి గురించిన పాఠం చెబుతుంటే, ఒక పిల్ల లేచి "ఇన్ని ఊళ్లున్నాయి, మన ఊరు ఏ పుస్తకంలోనూ రాయలేదేంటండీ మాస్టారూ?" అని అడిగిందట. ఆ పిల్లకు పెళ్లయి పిల్లలు పుట్టినా మావయ్యకు ఆ ప్రశ్న మాత్రం వదల్లేదు. ఏ పుస్తకమైనా సరే, ఏ మూలైనా సరే, మా ఊరి పేరు ఒక్కసారి అచ్చులో చూసుకోవాలని ఆయన కోరిక. అలాంటి సమయంలో, అనంతపురం నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు గారు గోదావరి డెల్టా చరిత్ర మీద, సాహిత్యం మీద, జనం బతుకు మీద పేద్ద గ్రంథం రాస్తున్నారనీ, ఊరూరూ తిరుగుతున్నారనీ పేపర్లో పడింది. మావయ్య ఆ పూటే ఆయనకు కార్డు రాశారు, "తమరు మా ఊరు కూడా దయచేయాలి" అని. కింద ఫోన్ నంబరు వేశారు. ఆ నంబరే మా కొంప ముంచింది.

నెల తిరక్కుండా ఫోన్ వచ్చింది. అంత పెద్దాయన స్వయంగా చేశారు. మావయ్య కండువా వేసుకుని, అది చాలదన్నట్టు చెప్పులు కూడా విడిచి నిలబడ్డారు. లైన్లో గోల ఎక్కువ. అవతలి మాట నాకు వినబడలేదు కానీ ఇవతలి మాట మాత్రం వీధి చివరికి కూడా వినబడింది. "ఆయ్... ఆయ్... ఆయ్ అండి... ఆయ్, మీ దయండి... ఆయ్." ఫోన్ పెట్టేశాక ఆయన ముఖం చూడాలి! "వస్తున్నారే! వచ్చే ఆదివారం పొద్దున్న నరసాపురంలో రైలు దిగుతారట! మన ఊరి గురించి ఎంత శ్రద్ధగా అడిగారనుకున్నావ్!" అన్నారు. ఏమడిగారని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. మాకు ఆ సంతోషమే చాలింది.

ఇక్కడ, మా వైపు వాళ్లు కానివాళ్ల కోసం 'ఆయ్' సంగతి కాస్త చెప్పాలి. దాన్ని అందరూ అవునని అనుకుంటారు. నిజానికి అది అవునూ కాదు, కాదూ కాదు. 'మీరు చెప్పేది నా చెవిన పడుతోంది, మీరు పెద్దవారు, కానివ్వండి' అని దాని అర్థం. అవసరమైతే అది అవును కూడా అవుతుంది. ఒక్కొక్కప్పుడు 'మీ మాట నేను నమ్మడం లేదు, అయినా పోనివ్వండి' కూడా అవుతుంది. ఏది ఎప్పుడు అన్నది మాకు మాకు తెలిసిపోతుంది. కానీ పాపం, అనంతపురం ఆయనకు ఎలా తెలుస్తుంది?

రెండో ఫోన్ వచ్చినప్పుడు మావయ్య తోటలో కొబ్బరికాయల దింపు తీయించుకుంటున్నారు. నేనే ఎత్తాను. "ఏమ్మా, బాగుండావా? మాస్టారు లేరా? సరే, నువ్వే చెప్పు. మీ ఊళ్లో శాసనం ఉండాదని మీ మామ అన్యారు. తాళపత్రాలు ఉండాయన్యారు. పడవ పాటలు పాడే ముసలాయన కూడా ఉండాడన్యారు. మూడూ ఒక్క దినంలో అవుతాయా తల్లీ?" అన్నారు ఆయన. మా ఊళ్లో శాసనమా! ఇది తప్పు, ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకున్నాను. మర్యాదగా, స్పష్టంగా, చదువుకున్న పిల్లలా చెప్పాలని నోరు తెరిచాను. "ఆయ్" అన్నాను. "మంచిది తల్లీ" అని ఆయన పెట్టేశారు.

మావయ్య రాగానే పట్టుకున్నాను. "శాసనం ఉందని చెప్పారా మీరు?"

"శాసనమేంటే? నేనెప్పుడన్నాను?"

"అంటే ఆయన అడిగితే ఏమన్నారు?"

"ఆయన ఏదో చెప్పుకుపోతున్నారు. మధ్యలో అడ్డం తగలడం బాగుండదని ఆయ్ అన్నాను."

"ఆయన చెప్పలేదు మావయ్యా, అడిగారు! ఉందా అని అడిగితే మీరు ఆయ్ అన్నారు!"

మావయ్య అరుగు మీద కూలబడ్డారు. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి సంగతంతా విని, "ఇంతేనా? ఫోన్ చేసి లేదని చెప్పెయ్యండి. దీనికింత ఇదెందుకండీ" అంది. చెప్పడం తేలికే. అంత పెద్దాయన, అంత దూరం నుంచి వస్తానంటే, మొహం మీద లేదనడం ఎలా? చివరికి మావయ్య ధైర్యం చేసి అనంతపురానికి ఫోన్ కలిపారు. నేను పక్కనే నిలబడి చెయ్యి పట్టుకున్నాను. "అయ్యా, నమస్కారమండి. మీరన్న ఆ శాసనం సంగతండి... అది... అంటే... పైకి కనబడేది కాదండి..." అన్నారు మావయ్య. అవతల ఒక ఉత్సాహపు కేక వినబడింది. "ఆయ్... ఆయ్ అండి" అని మావయ్య ఫోన్ పెట్టేసి, నా వైపు చూడకుండా, "భూమిలో పూడిపోయిందా అన్నారే. తవ్వడానికి మనుషుల్ని పెట్టమన్నారు" అన్నారు.

ఆ వారమంతా మా ఇల్లు ఎలా ఉందో చెప్పలేను. మావయ్య ఊళ్లో కనబడిన ప్రతి రాతినీ తిరగేసి చూశారు. రేవులో బట్టలుతికే బండ మీద ఏవో గీతలున్నాయంటే పరిగెత్తుకెళ్లి కొబ్బరి పీచుతో తోమించారు. తోమేకొద్దీ అక్షరాలు తేలుతుంటే ఆయనకు కళ్లు మెరిశాయి. తీరా చూస్తే ఎన్నికలప్పుడు ఎవరో రాసిన 'మీ ఓటు'. చివరికి అత్తయ్యే ఉపాయం చెప్పింది. "ఆయన్ని అడగనివ్వకండి. నోటికి ఖాళీ ఇస్తేనే కదా అడిగేది" అంది. మా వైపు మర్యాదల గురించి మీరు వినే ఉంటారు. ఆ మర్యాదలన్నీ ఒక్క మనిషి మీద ప్రయోగించాలని తీర్మానం అయింది.

ఆదివారం పొద్దున్నే నేనూ మావయ్యా పంటు రేవుకు వెళ్లాం. పెద్దాయన దిగారు. సన్నగా, పొడుగ్గా, భుజాన ఒక సంచి, అందులో టేపు రికార్డరు. చూడగానే ఇష్టమైపోయే మనిషి. (అదే ఇంకా భయం వేసింది.) ఒడ్డున కాలు పెట్టారో లేదో మావయ్య చేతిలో కొబ్బరి బొండాం పెట్టారు. అది అవగానే ఇంకోటి. ఇంటికి చేరాక పెసరట్టు, ఉప్మా, దాని మీద ఇంకో పెసరట్టు, పూతరేకులు, కాజాలు. ఆయన "చాలమ్మా, చాలు, నేను పొద్దున ఇంత తిన్ను" అన్నప్పుడల్లా అత్తయ్య "ఆయ్" అంటూ ఇంకొకటి వడ్డించేది. ఆయన నోరు తెరిచి "మాస్టారూ, ఆ శాసనం..." అనేసరికి మావయ్య "ముందు కాఫీ పుచ్చుకోండి, చల్లారిపోతుంది" అనేవారు. ఆయన ఇంత మర్యాద ఎప్పుడూ చూడలేదేమో, కంగారుగా చుట్టూ చూస్తూ తాగేసేవారు.

కానీ ఎంతసేపు తింటారు? చేతులు కడుక్కుని, పడక్కుర్చీలో కూర్చుని, "ఇప్పుడు పని చూస్తాం మాస్టారూ. శాసనాలు, తాళపత్రాలు యాడుండాయి?" అని సూటిగా అడిగారు. అత్తయ్య గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. మావయ్య పొద్దుటి నుంచీ ఆ మాట సాధన చేస్తూనే ఉన్నారు, నేను విన్నాను కూడా. కళ్లు మూసుకున్నారు. దేవుణ్ణి తలుచుకున్నారు. "లేవండి!" అన్నారు.

పెద్దాయన వెంటనే లేచారు. సంచి భుజాన తగిలించుకుని, చెప్పుల్లో కాళ్లు పెట్టి, "పదండప్పా, ఎండ ముదరకముందే చూసొస్తాం" అన్నారు.

మావయ్య జీవితంలో మొదటిసారి ఒక పెద్దమనిషి మొహం మీద నిజం చెప్పారు. అది ఇలా అయింది. ఇరవై ఏళ్లకు పైగా వ్యాకరణం చెప్పిన మనిషికి తెలుగే ఇంత అన్యాయం చేస్తుందని ఆయన కలలో కూడా అనుకుని ఉండరు. ఇంక చేసేదేముంది, ఆయనా బయల్దేరారు. ముందు మావయ్య, వెనక పెద్దాయన, ఆ వెనక నవ్వు ఆపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకున్న నేను. ఎక్కడికి వెళ్తున్నామో మావయ్యకే తెలియదు. కాలవ గట్టు మీద నడిచాం, కొబ్బరి తోటల్లో నడిచాం. ప్రతి గుమ్మంలోంచీ "మాస్టారూ, చుట్టాలొచ్చారాండి? ఓసారి లోపలికి దయచేయండి" అని పిలుపు. అరుగుల మీద లేసు అల్లుకుంటున్న ఆడవాళ్లు లేచి మంచినీళ్లు తెచ్చేవారు. పెద్దాయన కనబడిన ప్రతివాళ్లనూ అడిగారు. "ఈ ఊళ్లో పడవ పాటలు పాడే ముసలాయన ఉండాడంట కదప్పా?" "ఆయ్." "ఏ ఇల్లు?" "ముందు ఈ బొండాం తాగండి, చెప్తాను." ఊరు ఊరంతా మేము చెప్పిపెట్టినట్టే మాట్లాడింది. నిజంగా మేము ఎవరికీ ఏమీ చెప్పలేదు. మా ఊళ్లో పడవలకు మోటార్లు బిగించాక పాడే అవసరం ఎవరికీ లేకపోయింది.

మధ్యాహ్నం భోజనం గురించి వర్ణించను, వయసు మీద పడింది, తట్టుకోలేను. పనసపొట్టు కూర దగ్గర మొదలై బొబ్బట్ల దగ్గర ఆగింది అంటే చాలు. మావయ్య అలసిపోయి లోపల నడుం వాల్చారు. పెద్దాయన మాత్రం పడుకోలేదు. వెనక వసారాలో అమ్మమ్మ ఒత్తులు చేసుకుంటుంటే ఆవిడ పక్కన చాప మీద కూర్చుని, టేపు రికార్డరు నొక్కి, మాటలు కలిపారు. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. (అమ్మమ్మకు చెవుడేమో అనుకునేరు. పెరట్లో కూర్చుని వంటింట్లో పాలు పొంగుతున్నాయని చెప్పే మనిషి.)

"అమ్మా, మీ ఊళ్లో శాసనం ఉండాదా?" అన్నారు పెద్దాయన.

"ఆయ్" అంది అమ్మమ్మ, ఒత్తి నలుపుతూ.

"తాళపత్రాలు?"

"ఆయ్, ఆయ్."

పెద్దాయన ఆవిడ ముఖంలోకి పరీక్షగా చూశారు. తరవాత నెమ్మదిగా, "మా అనంతపురంలో సముద్రం ఉండాది, తెలుసునా అమ్మా?" అన్నారు.

"ఆయ్."

"నేను చిన్నప్పుడు పులి పాలు తాగి పెరిగినాను."

"ఆయ్. మరి ఇందాక పెరుగన్నం సరిగ్గా తినలేదండి బాబుగారూ మీరు" అంది అమ్మమ్మ, నిజమైన బాధతో.

పెద్దాయన నవ్వడం మొదలుపెట్టారు. ముందు భుజాలు కదిలాయి, తరవాత మనిషంతా కదిలిపోయారు. కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వారు. ఆ నవ్వుకు మావయ్య ఉలిక్కిపడి లేచొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "మాస్టారూ, ఇట్ల రాండి. ఫోన్లో శాసనం ఉండాదా అని నేనడిగితే మీరు ఆయ్ అన్యారు. అదీ ఈ ఆయేనా?" అన్నారు పెద్దాయన.

"ఆయ్" అనేసి, మావయ్య నాలిక కరుచుకున్నారు.

"మరి పొద్దున లేవండి అన్యారే..."

"అది... లేవు అనండి."

దాంతో పెద్దాయన చాప మీద వెనక్కి వాలిపోయి నవ్వారు. నేనూ నవ్వేశాను. అత్తయ్యా నవ్వింది. ఎందుకు నవ్వుతున్నామో తెలియకపోయినా మర్యాద కోసం అమ్మమ్మ కూడా నవ్వింది. మావయ్య మాత్రం నవ్వలేదు. తల వంచుకుని నిలబడ్డారు. నవ్వు కాస్త తగ్గాక పెద్దాయన, కోపమేమీ లేకుండా, "ఏమీ లేనప్పుడు నన్ను అంత దూరం నుంచి ఎందుకు పిలిచినారప్పా?" అని అడిగారు.

మావయ్య తల ఎత్తారు. "మా ఊరి పేరు ఏ పుస్తకంలోనూ లేదండి" అన్నారు చివరికి. 'లేదు' అన్న మాట ఆయన నోట అంత తిన్నగా రావడం నేను వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. అప్పటిదాకా చున్నీ నోట్లో కుక్కుకుని నవ్విందీ నేనే, ఆ చున్నీతోనే కళ్లు తుడుచుకుందీ నేనే.

పెద్దాయన టేపు రికార్డరు ఆపి సంచిలో పెట్టుకున్నారు. సాయంత్రం పంటు ఎక్కేటప్పుడు అత్తయ్య కట్టిచ్చిన బొబ్బట్ల పొట్లాలు, కొబ్బరికాయలు ఆయనకంటే ఎక్కువ బరువున్నాయి. మావయ్య చేతులు పట్టుకుని "పోయొస్తా మాస్టారూ" అన్నారు, అంతే. పుస్తకం మాట ఎత్తలేదు. పంటు అవతలి ఒడ్డు చేరేదాకా మావయ్య రేవులోనే నిలబడ్డారు. ఆ తరవాత ఇంట్లో ఎవరూ ఆ ప్రసక్తి తేలేదు. ఫోన్ మోగితే మాత్రం మావయ్య "అమ్మాయ్, నువ్వు చూడు" అనేవారు. అది చూసి నాకు చాలా బాధ వేసేది.

పుస్తకం వచ్చేసరికి నాకు హైదరాబాదులో ఉద్యోగం దొరికి, సెలవుకు వచ్చి ఉన్నాను. లావాటి పుస్తకం, రిజిస్టరు పోస్టులో. మావయ్య విప్పి, విషయసూచికలో వెతికి, లేదని తేలాక పక్కన పెట్టేయబోయారు. నేను లాక్కుని తిప్పాను. చిట్టచివరి అధ్యాయంలో మొదటి వాక్యమే మా ఊరి పేరుతో మొదలైంది. పైకి చదవమన్నారు. చదివాను. "ఈ ఊళ్లో శాసనం లేదు. తాళపత్రాలు లేవు. పడవ పాట కూడా లేదు. కానీ ఉదయం నుంచి సాయంత్రం దాకా తిరిగి నేనెంత మందిని అడిగినా, లేదు అనే మాటతో నన్ను నొప్పించడానికి ఒక్కరికి కూడా నోరు రాలేదు. గోదావరి గురించి నేను తెలుసుకోవలసింది ఇంకా మిగిలి ఉందని ఈ ఊళ్లోనే తెలిసింది."

"మూడు సార్లు లేదు లేదు అని రాశారే" అన్నారు మావయ్య ముందు, చిన్నబుచ్చుకుని. తరవాత పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, ఊరి పేరు ఉన్న చోట వేలు పెట్టి చూసుకున్నారు. ఆ వేలు తియ్యకుండానే లేచి వీధిలోకి వెళ్లారు. చీకటి పడేదాకా ఇంటికి రాలేదు. ఆ సాయంత్రం మా ఊళ్లో ప్రతి అరుగు మీదా ఆ అధ్యాయం మొదటి పేజీ చదివి వినిపించారని, ఒకప్పుడు క్లాసులో ఆ ప్రశ్న అడిగిన పిల్లే, ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుని విని, "మొత్తానికి ఎక్కించారండి మాస్టారూ" అందని తరవాత తెలిసింది.

నేను చేసే ఉద్యోగం ఒక కాలేజీలో అడ్మిషన్ల కౌంటరు దగ్గర. ఇన్నేళ్లుగా అక్కడ కూర్చుని సీట్లు లేవు, హాస్టలు లేదు, గడువు లేదు అని చెప్పడమే నా పని. ఎంత చక్కగా చెబుతానంటే, ఎదుటి మనిషి మాట పూర్తి చేసేలోపే చెప్పేస్తాను. పై అధికార్లు మెచ్చుకుంటారు కూడా. కానీ ఒక్కొక్క రోజు, ఎక్కడో పల్లె నుంచి వచ్చిన తండ్రి నా మాట విని తల ఊపి వెనక్కి తిరిగినప్పుడు, ఒకప్పుడు ఫోన్ పట్టుకుని, లేదనడానికి నోరు పెగలక ఆయ్ అనేసిన ఆ పిల్ల, అదే నేను, గుర్తొస్తుంది. ఎంత తెలివితక్కువదో అని నవ్వుకుంటాను. నవ్వుకుంటూనే ఆ తండ్రిని వెనక్కి పిలిచి, ముందు కాస్త కూర్చోండి, మంచినీళ్లు తాగండి అంటాను.